బెండ చేను చుట్టూ గోగు: నా సలహా తప్పిన కేసు

ఈ కేసులో మొదటి పొరపాటు రైతుది కాదు, నాది. విజయనగరం జిల్లాలో సేంద్రియ సాగు రైతుల వెంట తిరగడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. "రకరకాల పంటలు కలిపి వేస్తే పురుగు తగ్గుతుంది" అని ఎన్ని సమావేశాల్లో చెప్పానో లెక్కలేదు. మాట అబద్ధం కాదు. దాన్ని నేను ఎంత గుడ్డిగా చెబుతున్నానో మాత్రం 30 సెంట్ల బెండ చేను ఒకటి చూపించింది. ఊరినీ రైతునూ గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు చిన్న సంగతులు మార్చాను. పురుగుల వివరాలు, లెక్కలు నా నోటుపుస్తకంలో ఉన్నవే.

నేల, రైతు, గట్టు మీది గోగు

చంపావతి పరీవాహకంలో ఒక ఊరు. ఊరికి దిగువన వరి పల్లం, ఎగువన ఎర్ర ఇసుక మెరక. ఆ మెరకను అక్కడివాళ్లు గరువు అంటారు. ఒకప్పుడు ఈ గరువుల మీద వానాకాలమంతా గోగు ఉండేది, అంటే నార కోసం పెంచే గోంగూర మొక్క. కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరవేసి, నార తీసి మిల్లులకు అమ్మేవాళ్లు. ఊరవేయడానికి నీళ్లు చాలక, నార తీసే కూలీలు దొరకక, తీసినా ధర గిట్టక చాలామంది వదిలేశారు. చేను వదిలినవాళ్లు కూడా గట్టు మీద ఒక వరస గోగు వేయడం వదల్లేదు. కూరకు ఆకు వస్తుంది, పశువుల పగ్గాలకు నార వస్తుంది.

రైతు యాభై దాటిన మహిళ. కొడుకు హైదరాబాదులో భవన నిర్మాణ పనుల్లో ఉంటాడు, పండక్కి వస్తాడు. పల్లంలో 80 సెంట్ల వరి, గరువు మీద బోరు కింద 30 సెంట్ల కూరగాయలు ఆమె చేతి మీదే నడుస్తాయి. రసాయన మందులు మానేసి అప్పటికి మూడేళ్లు. ఆవు పేడ, మూత్రంతో చేసే ఘనజీవామృతం, ద్రవజీవామృతం ఇంట్లోనే తయారుచేసుకుంటుంది. తెల్లవారుజామున ఆటోలో గంపలు వేసుకుని రైతుబజారుకు వెళ్లి తనే అమ్ముకుంటుంది. అంటే కాయకు పుచ్చు ఉంటే కొనేవాళ్ల మాట నేరుగా ఆమె చెవినే పడుతుంది.

బెండను ఎంచుకోవడానికి కారణం డబ్బు. విత్తిన నలభై, నలభై అయిదు రోజులకు కోత మొదలవుతుంది, ఆ తర్వాత రోజు విడిచి రోజు కాయ వస్తుంది. వరి డబ్బు ఏడాదికి ఒకసారి, బెండ డబ్బు వారానికి మూడుసార్లు.

ఆ ఏడాది మే నెలలో ఆమె నన్ను అడిగింది: "బాబూ, ఈసారి గట్ల మీద ఏమేం వేయమంటారు?" నా సంచిలో అప్పటికి ఒక కాగితం ఉండేది. సరిహద్దు పంటలు, పురుగును తమ వైపు లాగే ఎర పంటలు, అంతర పంటలు అంటూ ఒక పట్టిక. చదివి వినిపించాను. అన్నీ విని, "గోగు విత్తనం ఇంట్లోనే ఉంది, అదీ వేసేస్తాను" అంది. నా జవాబు నాకు బాగా గుర్తుంది: "వేయండమ్మా, ఎన్ని రకాలు ఉంటే అంత మంచిది." ఈ కేసు ఆ వాక్యంతోనే మొదలైంది.

జూన్ చివర విత్తనం పడింది. మధ్యలో బెండ. తూర్పు, పడమర గట్ల మీద గోగు. ఉత్తరాన ఒక వరస మొక్కజొన్న, మూలల్లో ఆముదం. దక్షిణం వైపు నాలుగు సాళ్ల వంగ, దాని పక్కన మిరప. అక్కడక్కడ బంతి, అలసంద. ఖాళీ కనిపించిన చోట దోసపాదు. బెండ కాక ఎనిమిది రకాలు. చూడముచ్చటగా ఉంది. నేను ఫొటో తీసుకుని రెండు సమావేశాల్లో చూపించాను కూడా.

వాలిన మొవ్వలు

ముప్పయ్యో రోజు దాటాక ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి చేనులో అక్కడక్కడ మొక్క నిటారుగానే ఉంది, మొవ్వ, అంటే కొన చిగురు మాత్రం తల వాల్చింది. నీటి ఎద్దడి అయితే మొక్క మొత్తం వాడుతుంది. ఇక్కడ పైన మూడు వేళ్ల మేర మాత్రమే వాడింది. వాడిన చోట గోటితో చీలిస్తే లోపల సొరంగం, సొరంగంలో తడి రెట్ట, దాని వెనక అర అంగుళం పురుగు. గోధుమ రంగు ఒళ్లు, మచ్చలు, వీపు మీద తెల్లటి చార. మొవ్వనూ కాయనూ తొలిచే మచ్చల పురుగు. పత్తి రైతులకు పాత శత్రువు. మొక్కకు కాయ లేనప్పుడు మొవ్వలో దూరుతుంది, పూత రాగానే మొగ్గలోకి, పిందెలోకి మారుతుంది. పుచ్చిన కాయ ఒక పక్కకు వంకర తిరుగుతుంది.

సమస్య అదొక్కటే అయితే నిర్ణయం సులువయ్యేది. దక్షిణం వైపు, వంగకు దగ్గరగా ఉన్న సాళ్లలో బెండ ఆకుల అంచులు పసుపెక్కి పైకి ముడుచుకున్నాయి. ఆకు తిప్పితే పచ్చదోమ పిల్లలు పక్కవాటుగా పరుగులు తీస్తున్నాయి. దోసపాదు పాకిన చోట పేనుబంక. తెల్లదోమ అన్ని చోట్లా కొంచెం కొంచెం, అప్పటికే పది పన్నెండు మొక్కలకు పల్లాకు తెగులు, అంటే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల ఆకు ఈనెలు పసుపెక్కడం.

ఆమె నాతో అన్న మాట ఇది: "మీరు చెప్పినట్టే ఎనిమిది రకాలు వేశాను బాబూ. పురుగులూ అన్ని రకాలూ వచ్చాయి." కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పిచికారీలు, ఏరివేత

అప్పటికి నా దగ్గర ఉన్న జవాబు కషాయాలే. వేపాకుతో చేసే నీమాస్త్రం వారానికి ఒకసారి అన్నాను. రెండు వారాల తర్వాత ఇంకా ఘాటైన కషాయం, అగ్నిఅస్త్రానికి వెళ్లాం. ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు చూస్తే స్పష్టంగా ఉంది. ఈ రెక్కల పురుగు రాత్రిపూట మొవ్వల మీద, మొగ్గల మీద గుడ్లను విడివిడిగా, ఒక్కొక్కటే పెడుతుంది. పిల్ల బయటికి వచ్చిన కాసేపటికే లోపలికి దూరిపోతుంది. లోపలికి వెళ్లాక పైన ఏది చల్లినా దానికి తగలదు. మనకు దొరికే వ్యవధి గుడ్డుకూ సొరంగానికీ మధ్య ఆ కొద్ది సమయం. వారానికొకసారి చల్లే కషాయం ఆ సమయాన్ని పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడిన పని.

అగ్నిఅస్త్రం ఇంకో నష్టం చేసింది. అందులో పొగాకు ఉంటుంది. పొగాకులోని నికోటిన్‌కు మిత్రుడు, శత్రువు అనే తేడా లేదు. రెండో పిచికారీ తర్వాత అలసంద మీద పేనుబంకను తినే అక్షింతల పురుగులు దాదాపు కనిపించలేదు. పది రోజుల్లో బెండ మీద పేనుబంక ముందుకన్నా ఎక్కువైంది. "ఇంట్లో తయారైన మందే కదా, ఎంత చల్లినా పరవాలేదు" అనే ధోరణి రైతుల్లో కన్నా మాలాంటి సలహాదారుల్లోనే ఎక్కువ అని నా అనుమానం.

తర్వాత ఏరివేత. వాలిన మొవ్వలు తుంచడం, పుచ్చు కాయలు కోసి వేరుచేయడం. ఇది సరైన పనే. ఆమె శ్రద్ధగా చేసింది. కోతకు వచ్చే నలభై కిలోల్లో పధ్నాలుగు కిలోలు పక్కకు పోయేవి. మూడు వారాలు ఏరినా ఆ పధ్నాలుగు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తెలియక ఒకరోజు ఊరికే చేను చుట్టూ తిరిగాను. బోరు మోటారు పక్కన, గట్టు వారన పుచ్చు కాయల కుప్ప కనిపించింది. ఏరినవన్నీ అక్కడే పోస్తోంది. పుల్లతో కదిపాను. పైకాయలు ఎండిపోయాయి. వాటి కింద, రాలిన ఆకుల్లో, తిరగేసిన చిన్న పడవల్లాంటి గూళ్లు, మాసిన తెలుపు రంగులో. కొన్ని అప్పటికే ఖాళీ. కాయలో ఉన్న పురుగు కాయ ఎండుతుండగా బయటికి పాకి, అక్కడే గూడు కట్టుకుని, రెక్కలు వచ్చాక పది అడుగుల దూరంలోని బెండ మీదికి తిరిగి వెళ్తోంది. మేము పురుగును ఏరడం లేదు, దానికి మకాం మార్చి ఇస్తున్నాం.

తుంచిన మొవ్వలూ కాయలూ ఎక్కడికి వెళ్లాలో చెప్పకుండా తుంచమని చెప్పడం సగం సలహా. అది కూడా నా ఖాతాలోనే.

గోగు మొవ్వ చీల్చిన రోజు

కుప్పను అదే రోజు గొయ్యి తీసి పూడ్చాం. పురుగు కొంత తగ్గింది, కొంతే. ఆ తర్వాతి వారం తూర్పు గట్టు మీద కూర్చుని లెక్క వేసుకుంటున్నాను. చేనులో అయిదు చోట్ల పది మొక్కల చొప్పున 50 మొక్కలు చూడడం నా పద్ధతి. లెక్కలో ఒక తీరు కనిపించింది. నడిమి సాళ్లలో పది మొక్కలకు ఒకటో రెండో వాలితే, తూర్పు అంచున అయిదు, పడమటి అంచున నాలుగు. ఉత్తరం అంచున మొక్కజొన్న పక్కన మళ్లీ రెండే. అంచుల్లో పురుగు ఎక్కువగా ఉండడం మామూలే, బయటి నుంచి వచ్చేది ముందు అంచునే దిగుతుంది. అదే నిజమైతే ఉత్తరం అంచు ఎందుకు బాగుంది?

చేతికి అందుతున్న గోగు మొక్క వైపు చూశాను. దాని మొవ్వ కూడా వాలి ఉంది. గోటితో చీల్చాను. అదే సొరంగం, అదే తడి రెట్ట, అదే మచ్చల పురుగు.

కాసేపు అలాగే కూర్చున్నాను. బెండ, గోగు, పత్తి ఒకే కుటుంబం. పువ్వు చూస్తే చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది: లేత పసుపు రేకులు, లోపల ముదురు ఎరుపు మచ్చ. రెండు పువ్వులూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. ఈ సంగతి నాకు చదువుకున్న రోజుల నుంచి తెలుసు. అయినా సరిహద్దు పంట అనే మాట వినగానే అది గోడలా పనిచేస్తుందని అనుకున్నాను. గోడ కట్టామనుకున్న చోట మేము పురుగుకు రెండు వైపులా విడిది ఇళ్లు కట్టాం.

గట్టు మీద ఇంకా వెతికితే కలుపులో తుత్తురు బెండ దొరికింది. పేరులోనే బెండ ఉన్న మొక్క, అదీ అదే కుటుంబం, దాని మీదా ఈ పురుగు బతుకుతుంది. వర్షాలకు ముందు నేల కప్పి ఉంచడానికని మేము ఇచ్చిన విత్తనాల కలగలుపులో కూడా గోంగూర ఉందని అప్పుడే గుర్తొచ్చింది. అంటే బెండ విత్తే నాటికే పురుగుకు భోజనం సిద్ధం.

దీనితో మిగతా చిక్కుముడులు కూడా విడిపోయాయి. బెండను కొట్టే పచ్చదోమే వంగనూ కొడుతుంది, అందుకే దక్షిణం వైపు ఎక్కువ. బెండ మీది పేనుబంకే దోసకూ పడుతుంది, అందుకే పాదు చుట్టూ ఎక్కువ. తెల్లదోమకు బెండ, వంగ, మిరప, దోస, గోగు అన్నీ ఇష్టమే. మా ఎనిమిది రకాల్లో నాలుగు బెండ శత్రువులకు బంధువుల ఇళ్లు. మనిషి కంటికి అవి వేరువేరు పంటలు, పురుగు నాలుకకు ఒకే వంటకం.

ఉన్న పంటను ఏం చేయాలి

సెప్టెంబరు మొదటి వారం. గోగును పీకేయడమా, ఉంచడమా? ఇక్కడ తొందరపడితే ఇంకో తప్పు జరిగేది. లోపల పురుగున్న గోగును పీకి గట్టు మీద పడేస్తే, మొక్క వాడగానే పురుగు పక్కనున్న బెండ మీదికి పాకుతుంది. అందుకని ముందు మొవ్వలన్నీ గుడ్డ సంచిలోకి తుంచి, ఆ సంచిని మూతి కట్టి ఎండలో వేసి, ఆ తర్వాతే కాండాలు కోయమన్నాను. ఆమెకు ఇష్టం లేదు. ఇంకో నెల ఉంటే నార వస్తుంది. రెండు పగ్గాల నార కోసం చేనంతా పోగొట్టుకుంటామా అని నేను అనలేదు, ఎందుకంటే వేయమన్నది నేనే. చివరికి పడమటి గట్టు గోగు తీసేసి, తూర్పు గట్టుది వారానికి రెండుసార్లు మొవ్వలు తుంచుతూ ఉంచడానికి ఒప్పందం కుదిరింది.

పంట అప్పటికే సగం పోయింది. ఆ సీజను లెక్క రాయడం లేదు, రాయదగినంత లేదు.

రెండో ప్రయత్నం: వేసవి బెండ

జనవరి చివర మళ్లీ బెండ వేయాలనుకున్నాం. ఈసారి పట్టిక తీసి పక్కన పెట్టి ఒక్కో మొక్కకూ ఒకటే ప్రశ్న వేసుకున్నాం: నువ్వు ఇక్కడ చేసే పని ఏమిటి? ఆమె వాకిట్లో ముగ్గుపిండితో చేను గీసింది, గింజలు పెట్టి ఏది ఎక్కడో చూసుకున్నాం.

ముందు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. మచ్చల పురుగుకు ఎర పంట కావాలి కదా, గోగునే కావాలని కొంచెం వేసి, అక్కడికి వచ్చిన పురుగును తుంచేస్తే? ఇది నిలబడదని పత్తి రైతుల అనుభవమే చెబుతుంది. పత్తిలో ఈ పురుగుకు ఎర పంటగా వేయమనేది బెండనే. అంటే దానికి పత్తికన్నా బెండ మీద మోజు. ఎర అనేది అసలు పంటకన్నా రుచిగా ఉండాలి. బెండను మించిన రుచి మరొకటి లేనప్పుడు దేన్ని ఎర వేస్తాం? అయితే రెండు సాళ్ల బెండనే పదిహేను రోజులు ముందు వేసి బలి ఇద్దామా అనీ ఆలోచించాం. ఆ ముందు సాళ్లకు పల్లాకు తెగులు ముందే వస్తుంది, వెనక వచ్చే లేత మొక్కలకు తెల్లదోమ అక్కడి నుంచే వైరస్ మోసుకొస్తుంది. ఈ తెగులు మొక్క ఎంత చిన్నగా ఉన్నప్పుడు సోకితే నష్టం అంత ఎక్కువ. ఆలోచన మానుకున్నాం. మచ్చల పురుగుకు పంటల వైవిధ్యంతో ఎర లేదని ఒప్పుకుని, దాని సంగతి కత్తెరకు, సంచికి వదిలేశాం. మిగతా పురుగులకే పంటలను నియమించాం.

తెల్లదోమకు అడ్డుగా చుట్టూ మూడు వరసల జొన్న. మొక్కజొన్న ఎందుకు వద్దనుకున్నామంటే, 2018లో మన దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు ఇప్పుడు ఈ ప్రాంతంలో రబీ మొక్కజొన్నను వదలడం లేదు. బెండకు దానితో పెద్ద బెడద లేదు. పక్క రైతులందరిదీ మొక్కజొన్నే అయినప్పుడు మన గట్టు వాళ్ల చేలకు పురుగుల నారుమడి కాకూడదు. జొన్నకూ ఆ పురుగు వస్తుంది, తక్కువ. పైగా జొన్న చొప్ప ఆమె ఆవుకు మేత. వరసలు ఎన్ని అన్నదానికన్నా ఎప్పుడు అన్నది ముఖ్యం. ఖరీఫ్‌లో మొక్కజొన్న, బెండ ఒకే రోజు వేశాం. తెల్లదోమ వచ్చే నాటికి రెండూ మోకాలెత్తే. మోకాలెత్తు గోడ ఎవరినీ ఆపదు. ఈసారి జొన్న ఇరవై రోజులు ముందు వేశాం.

ఆరు సాళ్ల బెండకు ఒక సాలు పొద అలసంద. అలసందకు నల్లటి పేనుబంక పడుతుంది. అది ఎక్కువగా పప్పుజాతి మొక్కల మీద బతికే రకం, బెండ మీదికి పెద్దగా రాదు. బెండకు వచ్చే పేనుబంక వేరు. అక్షింతల పురుగులకు మాత్రం ఈ తేడా పట్టదు, రెండూ తింటాయి. అలసంద మీద ముందుగా తిండి దొరికితే అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకుని, తర్వాత పక్క సాలుకు వస్తాయి. ఈ సంగతి రైతుకు నమ్మకం కలిగేలా చెప్పడం కష్టం. అలసంద నల్లగా పేనుబంకతో నిండితే ఎవరికైనా చెయ్యి పిచికారీ డబ్బా వైపే పోతుంది. పది రోజులు ఆగమని బతిమాలాను. పన్నెండో రోజు ఆమే ఫోన్ చేసింది: "ముసలి ఆకుల మీద ముళ్లపురుగుల్లాంటివి పాకుతున్నాయి, నల్లగా, నారింజ చుక్కలతో. చంపేయనా?" అవి అక్షింతల పురుగు పిల్లలు. పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు, దాని పిల్లను శత్రువనుకుని నలిపేస్తారు. ఇంకో గంట ఆలస్యమైతే మా పథకం మొత్తం ఆమె బొటనవేలి కింద ముగిసేది.

కాలువ గట్ల వెంట ధనియాలు చల్లాం, పదిహేను రోజులకొక విడత. కోయడానికి కాదు, పూయడానికి. గుడ్ల మీద పరాన్నజీవులుగా బతికే ట్రైకోగ్రామా వంటి చిన్న కందిరీగలకు పెద్ద గొట్టపు పువ్వుల్లో తేనె అందదు. కొత్తిమీర పువ్వు పలచగా, తేనె పైకి తేలి ఉంటుంది. వేసవిలో కొత్తిమీర తొందరగా పూతకు వస్తుందని కూరగాయల రైతులు విసుక్కుంటారు, మాకు అదే వరం.

బంతి గురించి ఒక మాట. బంతి పువ్వు బొమ్మ లేని సేంద్రియ సాగు కరపత్రం నేను చూడలేదు. టమాటాలో శనగపచ్చ పురుగుకు అది నిజంగానే మంచి ఎర. నేలలో వేరుబుడిపె నులిపురుగులను తగ్గించే గుణమూ దాని వేళ్లకు ఉంది. మచ్చల పురుగుకు మాత్రం బంతితో సంబంధం లేదు. పండక్కి పూలు అమ్ముకోవడానికి పది మొక్కలు ఉంచాం, పురుగు కోసమని కాదు. వంగను బోరుకు అవతల, జొన్న గోడ బయటికి పంపాం. దోసపాదు తీసేశాం.

గోగు మిగిలింది. ఆమె పూర్తిగా వదులుకోనంది, నేనూ అడగలేదు. ఇంటి పెరట్లో మడి కట్టి, ఆకుకూరలా నెలలోపే వేళ్లతో సహా పీకి వాడుకోవాలి, పూతకు రానివ్వకూడదు అనుకున్నాం. మాట నిలబెట్టుకుంది. గోంగూర పచ్చడి సీసా నాకు కూడా ఒకటి వచ్చింది.

కత్తెర, సంచి

మచ్చల పురుగుకు చేసినది ఇంతే: ఆదివారం, గురువారం ఉదయం ఎండ పెరగకముందు చేను మొత్తం ఒకసారి నడవాలి. వాలిన మొవ్వను వాడిన చోటికి రెండు వేళ్లు కిందికి కత్తిరించి సంచిలో వేయాలి. అంతకన్నా పైన కోస్తే పురుగు మొక్కలోనే మిగిలిపోతుంది. పుచ్చు కాయలు కోసిన రోజే ఆవుకు వేయాలి లేదా గొయ్యిలో పూడ్చాలి. నేల మీద ఒక్కటీ పడకూడదు. అగ్నిఅస్త్రం చేను గడప తొక్కకూడదు. 50 మొక్కల్లో మూడుకు మించి మొవ్వలు వాలితే 5 శాతం వేపగింజల కషాయం, సాయంత్రం పూట. ఆ సీజనులో రెండుసార్లు చల్లవలసి వచ్చింది.

మొవ్వ తుంచితే మొక్క ఎదుగుదల ఆగిపోతుందని ఆమె భయపడింది. కింది కణుపుల నుంచి కొమ్మలు వస్తాయి, కోత వారం వెనకపడుతుంది, అంతే.

మార్చి మధ్యలో కోత మొదలైంది. గంపల లెక్క ఆమె గోడ మీద బొగ్గుతో రాసింది. సగటున నలభై అయిదు కిలోలకు నాలుగైదు కిలోలు పుచ్చు. మొదటి సీజనుతో దీన్ని నేరుగా పోల్చకూడదు. వేసవి వేరు, ఖరీఫ్ వేరు, చుట్టుపక్కల గోగు లేని కాలం అది. అందుకే ఖరీఫ్ దాకా ఆగాను.

మూడో సీజను, నేను చేసిన పరీక్ష

ఖరీఫ్‌లో అదే పటం. కొత్తిమీర వానకు కుళ్లిపోతుంది కనుక దాని స్థానంలో గట్ల మీద నువ్వులు. బెండ విత్తే ముందు నెల రోజుల పాటు గట్ల మీది తుత్తురు బెండ పీకడం, విత్తనాల కలగలుపులో నుంచి గోంగూర, బెండ గింజలు ఏరేయడం అదనం.

రెండో సీజనులో అన్నీ ఒకేసారి మార్చేశాం కాబట్టి ఏది పనిచేసిందో చెప్పలేని పరిస్థితి. ఈసారి చేనులో సగం అలసంద సాళ్లతో, సగం లేకుండా వేయించాను. ఆమె "ఇదేం పిచ్చి" అన్నట్టు చూసింది, ఒప్పుకుంది. ఫలితం నేను ఆశించినంత అందంగా లేదు. పేనుబంక విషయంలో తేడా కంటికే కనిపించింది, అలసంద ఉన్న సగంలో ఆకులకు జిగురు పట్టలేదు. పచ్చదోమలో తేడా లేదు. రెండు సగాల్లోనూ ఆగస్టులో పచ్చదోమ ఆకుకు రెండు పిల్ల పురుగులనే, చల్లక తప్పని హద్దు దాటింది, రెండింటికీ వేప కషాయమే దిక్కయింది. మచ్చల పురుగులోనూ సగాల మధ్య తేడా లేదు. అంచుల్లో మాత్రం మొదటి ఏడాది తూర్పున పదికి అయిదున్న లెక్క ఈసారి ఒకటికి దిగింది. నా మటుకు నాకు, గోగు తీసేయడం, పుచ్చు కాయలను నేల మీద పడనివ్వకపోవడం, ఈ రెండే మచ్చల పురుగును దించాయి. ఒకటి పంట తీసేయడం, రెండోది శుభ్రం. వైవిధ్యం గురించి రాయడానికి కూర్చున్న కేసులో ఈ మాట రాయడం కొంచెం ఇబ్బందిగానే ఉంది.

పల్లాకు తెగులు గురించి గట్టిగా చెప్పలేను. మొదటి నెలలో సోకిన మొక్కలు చాలా తగ్గాయి. జొన్న గోడ కారణం అనుకుంటున్నాను. తెగులును కొంత తట్టుకునే అర్క అనామిక అనే బెండ రకానికి ఆ ఏడే మారాం కనుక ఆ ఘనత రెండింటికీ పంచాలి.

నా సంచిలో ఆ పట్టిక ఇప్పుడు లేదు. దాని బదులు పంటలను కుటుంబాలుగా విడగొట్టిన కాగితం ఉంది: బెండ, గోగు, పత్తి, తుత్తురు బెండ ఒక వరస; వంగ, టమాటా, మిరప ఒక వరస; దోస, బీర, ఆనప ఒక వరస; పప్పుజాతి, గడ్డిజాతి వేరు. పక్కపక్కన వేసేవి వేరువేరు వరసల నుంచి రావాలని అడుగుతాను, ఆ తర్వాత ఒక్కోదానికీ పని అడుగుతాను. ఇది కూడా పూర్తిగా సరిపోదని తెలుసు. బెండ, వంగ వేరు కుటుంబాలే, అయినా పచ్చదోమకు రెండూ ఒకటే. సమావేశంలో చెప్పడానికి పట్టిక సులువు, చేనులో మోకాళ్ల మీద కూర్చుని ఆకు తిప్పి చూడడమే దారి.

ఈ ఏడాది జూలైలో మళ్లీ వెళ్లాను. పడమటి పక్క పొలం రైతు చాలా ఏళ్ల తర్వాత అర ఎకరం గోగు వేశాడు. ఈసారి నారకు ధర ఉంటుందని ఎవరో చెప్పారట. అతని పొలం అతని ఇష్టం. మాట్లాడి చూశాను, మొవ్వలు తుంచడానికి కూలి ఎవరిస్తారని అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. ఆమె బెండలో పడమటి మూడు సాళ్లలో మొవ్వలు వాలడం మొదలైంది. ఆ వైపు జొన్న కర్రకు గుడ్డ సంచి ఒకటి వేలాడుతోంది, దాని తాడుకు కత్తెర కట్టి ఉంది. "ఈ మూడు సాళ్లకు వారానికి మూడుసార్లు నడుస్తున్నాను" అంది, సంచి మూతి ముడివేస్తూ.